ఎస్సెస్బీలో నాన్న పలుకుబడి నడవదు

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. మా ఆయన రెండుసార్లు జెడ్పీటీసీగా చేశారు. పిల్లల చదువుల కోసం బెంగళూరులో బీటీఎం లేఅవుట్‌లో ఉంటున్నాం. మావాడు బీకాం చివరి ఏడాది. ఆర్మీలో ఆఫీసరుగా కొన్నేళ్లు చేసి, తర్వాత సొంతంగా వ్యాపారం పెడతానంటున్నాడు. వాళ్ల నాన్న ‘అంతగా కావాలంటే ఎవరితోనైనా ఓ మాట చెప్పిద్దాంలే’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన మాట తేల్చేద్దాం. ఎవరితోనూ ఏమీ చెప్పించకండి. సిఫార్సు తెచ్చుకుంటే అనర్హులవుతారని యూపీఎస్సీ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. మీవాడు అసలు ఈ దారి ఎంచుకున్నది ‘ఫలానావారి అబ్బాయి’ అనిపించుకోకుండా బతుకుదామనేమో, ఒకసారి అడిగి చూడండి.

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాడు కాబట్టి సైన్యంలో ఆఫీసర్ల కోసం యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష రాయొచ్చు. ఏటా రెండుసార్లు ఉంటుంది, బెంగళూరులోనూ సెంటరు ఉంది. అతని ఆలోచనకు సరిపోయేది షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే కొన్నేళ్లకే పరిమితమైన ఆఫీసరు ఉద్యోగం. దానికి శిక్షణ ఇచ్చేది చెన్నై పరంగిమలైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ. దానికి ఇంగ్లిష్, జీకే రెండే పేపర్లు, లెక్కల పేపరు లేదు. శిక్షణ 49 వారాలు. అది పూర్తయ్యేదాకా పెళ్లి కాకూడదు, కాబట్టి సంబంధాలు చూస్తుంటే కాస్త ఆపండి.

రాతపరీక్ష గట్టెక్కాక అసలు కథ ఎస్సెస్బీ, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ. ఐదు రోజులు ఉంటుంది, ఒక సెంటరు ఇక్కడే కబ్బన్ రోడ్డులో ఉంది. ఛాతీ మీద నంబరు కట్టుకుంటారు, ఆ ఐదు రోజులూ ఆ నంబరే పేరు. తెర మీద మాట కనిపిస్తుంది, 15 సెకన్లలో వాక్యం రాయాలి. అలా 60 మాటలు. తర్వాత అరగంటలో 60 సందర్భాలకు తానేం చేస్తాడో రాయాలి. అంత వేగంలో నేర్చుకున్న జవాబులు గుర్తురావు, లోపలున్నదే కాగితం మీద పడుతుంది. కోచింగ్ సెంటర్లలో బట్టీ పట్టించే జవాబుల మీద నాకు పెద్దగా నమ్మకం లేకపోవడానికి కారణం అదే.

ఇంటర్వ్యూకి ముందు నింపే ఫారంలో తండ్రి వృత్తి కూడా ఉంటుంది. అక్కడ రాజకీయం అని రాయడానికి మొహమాటపడొద్దని చెప్పండి. ‘మీ నాన్నకు పదవి ఉంది కదా, నువ్వు ఇటెందుకొచ్చావు?’ అని అడిగే అవకాశం ఉంది. ఇంట్లో జనం వచ్చి పోతుంటే తను ఏం చూశాడు, ఏ పని భుజానేసుకున్నాడు అన్నది నిజాయతీగా చెబితే చాలు.

ఇప్పుడు మీ ఇంట్లో మాట్లాడుకోవాల్సిన సంగతి. యూనిఫాంలో ఉన్నన్నాళ్లూ వాళ్ల నాన్న తరఫున ఎన్నికల ప్రచారం కుదరదు. పక్కన వ్యాపారం నడపడమూ కుదరదు. సెలవులో వచ్చినప్పుడు ‘ఒక్కసారి జీపులో నిలబడరా’ అనేవాళ్లు మన ఊళ్లలో ఉంటారు, ఆ టెన్షన్ మీరే అడ్డుకోవాలి.

షార్ట్ సర్వీస్ పదేళ్లు, కావాలంటే ఇంకో నాలుగేళ్లు పొడిగిస్తారు. రిటైరయ్యేదాకా కొనసాగే శాశ్వత కమిషన్ కోరుకోవచ్చు గానీ అందరికీ రాదు. లెఫ్టినెంట్‌గా మూలవేతనం 56,100 నుంచి మొదలవుతుంది, అలవెన్సులు వేరు. ఆరేళ్ల సర్వీసుకు మేజర్ అవుతారు. బయటికొచ్చేసరికి వయసు 33 దాటుతుంది. గ్రాట్యుటీ వస్తుంది, నెలనెలా పింఛను మాత్రం రాదు. పింఛనుకు 20 ఏళ్ల సర్వీసు కావాలి. కాబట్టి వ్యాపారానికి డబ్బు జీతంలోంచే కూడబెట్టాలి. మీ పొలం అమ్మి పెట్టుబడి పెట్టడం అనే మాటే రానివ్వకండి. సర్వీసు ముగిసేవారికి పునరావాస డైరెక్టరేట్ మేనేజ్‌మెంట్ కోర్సులు నడుపుతుంది. బీకాం చదివినవాడికి అవి బాగా పనికొస్తాయి.

మీవాడు ఎయిర్ డెక్కన్ విమాన సంస్థ పెట్టిన కెప్టెన్ గోపీనాథ్ పేరు చెబుతుండొచ్చు, బెంగళూరులో ఉంటూ ఆ పేరు విననివాళ్లు తక్కువ. ఆయన బడిపంతులు కొడుకు. 1971 యుద్ధంలో పాల్గొన్నారు. ఎనిమిదేళ్లకు సైన్యం వదిలి హాసన్ దగ్గర సేద్యం చేశారు, పట్టుపురుగులు పెంచారు, మోటార్‌సైకిళ్ల డీలర్‌షిప్ నడిపారు, హోటల్ పెట్టారు. ఎయిర్ డెక్కన్ విమానాలు ఎగిరింది 2003లో. మధ్యలో ఇరవై ఏళ్లకు పైనే గడిచాయి. కుర్రాళ్లు ఆ మధ్య భాగాన్ని వదిలేసి విమానం దగ్గరే మొదలుపెడతారు.

ఒకవేళ ఎస్సెస్బీలో పోతే? చాలామంది పోతారు, రెండోసారీ మూడోసారీ వెళ్లి నెగ్గినవాళ్లూ ఉన్నారు. సీడీఎస్ పరీక్షకు 25 ఏళ్లలోపే అవకాశం. అది దాటినా టెరిటోరియల్ ఆర్మీ ఉంది. సొంత సంపాదన ఉన్న డిగ్రీ చదివినవాళ్లు 42 ఏళ్ల వరకు దరఖాస్తు చేయొచ్చు. తన పని తాను చేసుకుంటూనే ఏడాదిలో కొంతకాలం యూనిఫాం వేసుకోవచ్చు. కేంద్ర మంత్రిగా చేసిన రాజేశ్ పైలట్ కొడుకు సచిన్ పైలట్ 2012లో, హిమాచల్ ముఖ్యమంత్రిగా చేసిన ప్రేమ్ కుమార్ ధూమల్ కొడుకు అనురాగ్ ఠాకూర్ 2016లో ఎంపీలుగా ఉంటూనే అలా అధికారులయ్యారు. ఈ సంగతి మీ ఆయన చెవిన వేయండి, బహుశా కాస్త మెత్తబడతారు.

ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. మనవాళ్ల సర్టిఫికెట్లలో టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, డిగ్రీలో చివరన ఉంటుంది. మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే టెన్త్ మెమో ప్రకారం మిగతావి ఇప్పుడే సరిచేయించండి. కాల్ లెటర్ వచ్చాక మీసేవ చుట్టూ తిరగడానికి టైముండదు.