ఫ్రీపీబీఎక్స్‌కి డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఉండదు
ఆఫీసు ఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ ఫ్రీపీబీఎక్స్ వెబ్ పేజీలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడ్మిన్, అడ్మిన్ అని ఎన్నిసార్లు కొట్టినా రానివ్వట్లేదన్నారు కదండీ, రాదు. ఇలాంటిదే పాత సాఫ్ట్‌వేర్ ట్రిక్స్‌బాక్స్‌లో ‘మెయింట్’, ‘పాస్‌వర్డ్’ అని ఉండేవి, నెట్‌లో ఇంకా అవే తిరుగుతున్నాయి. ఇందులో మొదటిసారి పేజీ తెరిచినవాళ్లు పెట్టుకున్నదే అడ్మిన్ లాగిన్, అంటే ఇన్‌స్టాల్ చేసినాయన పెట్టే ఉంటాడు.

సర్వర్ మీద పూర్తి అధికారం ఉండే రూట్ యూజర్ పాస్‌వర్డ్ మీ దగ్గరుందన్నారు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. లాగిన్ పేజీ తెరిచి ఉంచి, ఎఫ్12 నొక్కి బ్రౌజర్ డెవలపర్ టూల్స్ తెరిచి, కుకీల్లో పీహెచ్‌పీ సెషన్ ఐడీ (PHPSESSID) అని, మీ బ్రౌజర్‌ని సర్వర్ గుర్తుపట్టే కోడ్ పొడుగ్గా కనిపిస్తుంది, అది కాపీ చేసుకోండి. ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే సర్వర్‌కి దూరం నుంచి కమాండ్లు ఇచ్చే విండోలో, రూట్‌గా వెళ్లి ‘ఎఫ్‌డబ్ల్యూకన్సోల్ అన్‌లాక్’ (fwconsole unlock) అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఆ ఐడీ పేస్ట్ చేసి ఎంటర్ నొక్కండి. అదే బ్రౌజర్‌లో పేజీ రిఫ్రెష్ చేస్తే నేరుగా లోపలికి వెళ్తారు, వెంటనే అడ్మినిస్ట్రేటర్స్ అనే పేజీలో పాస్‌వర్డ్ మార్చేయండి.

అన్నట్టు, ఆ పేజీని బయట ఇంటర్నెట్‌కి మాత్రం తెరిచి పెట్టకండి, ఎవడో దూరి రాత్రికి రాత్రి ఐఎస్‌డీ కాల్స్ చేసి బిల్లు మీ నెత్తిన పెడతాడు.