రిఫరెన్సులన్నీ ఐదేళ్ల లోపువే ఉండాలా?

ఐదేళ్లు దాటిన రిఫరెన్సులు థీసిస్‌లోంచి తీసేయమని గైడ్ అంటున్నారనీ, ఇది అన్ని సబ్జెక్టులకూ వర్తిస్తుందా అనీ అడిగారు. వర్తించదు.

1960లో బర్టన్, కెబ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక్కో శాఖలో ఉదహరించిన రచనల్లో సగం ఎన్నేళ్ల లోపువో లెక్కగట్టి, దాన్ని హాఫ్ లైఫ్ అన్నారు. ఫిజిక్స్‌కి 4.6 ఏళ్లు, కెమిస్ట్రీకి 8.1, గణితానికి 10.5, జియాలజీకి 11.8. అంకెలు పాతవే అయినా శాఖకూ శాఖకూ ఎంత తేడానో తెలుస్తుంది. గణితంలో రుజువైన సిద్ధాంతానికి కాలం చెల్లదు. వృక్షశాస్త్రంలో ఒకే మొక్కకు రెండు పేర్లుంటే ఏది ముందుదన్నది 1753 నాటి లిన్నేయస్ గ్రంథం నుంచే లెక్కకొస్తుంది. ఇక తెలుగు ధాతువుల మీద రాస్తూ భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి 1961 పుస్తకాన్ని పాతదని పక్కన పెడితే ఆ అధ్యాయం నిలబడదు.

వైద్యంలో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. 2007లో అచ్చయిన ఒక అధ్యయనం 100 సిస్టమాటిక్ రివ్యూలను (ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నీ పద్ధతిగా కూడగట్టి తేల్చే సమీక్షలను) పరిశీలిస్తే, 23 శాతం రెండేళ్లలోపే పాతబడ్డాయి. 7 శాతం అచ్చయ్యేనాటికే పాతవి. చికిత్స గురించి రాసేవాళ్లకు ఐదేళ్లు కూడా ఎక్కువే.

గైడ్‌తో వాదించే ముందు లెక్క తీయండి. మీరు పంపబోయే జర్నల్‌లో ఈ ఏడాది వచ్చిన, మీ అంశానికి దగ్గరి వ్యాసాలు ఐదు తీసుకోండి. రివ్యూ వ్యాసాలు వద్దు, వాటి జాబితాలు పొడవు, లెక్కను తమవైపు లాగేస్తాయి. వ్యాసం వచ్చిన ఏడాదిలోంచి ప్రతి రిఫరెన్సు ఏడాదినీ తీసేసి, వచ్చిన వయసులన్నీ ఎక్సెల్‌లో ఒకే వరుసలో వేసి మధ్యగతం (మీడియన్) చూడండి. మీ జాబితాకూ అలాగే చేయండి. వాళ్లది 6, మీది 12 వస్తే గైడ్ మాటలో నిజముంది, కొత్త పని మీరు చదవలేదు. రెండూ దగ్గరగా ఉంటే ఆ అంకెలే ఆయనకు చూపించండి.

లెక్క ఎక్కువగా చెడేది పునర్ముద్రణల దగ్గర. 1961 పుస్తకానికి మీ చేతిలో ఉన్న పునర్ముద్రణ ఏడాది వేస్తే వయసు దశాబ్దాలు తగ్గిపోతుంది. మొదటి ముద్రణ ఏడాదే వేయండి. జర్నల్ ర్యాంకింగుల్లో కనిపించే సైటెడ్ హాఫ్ లైఫ్, మీరు తీసే ఈ లెక్క ఒకటి కాదు. అది ఆ జర్నల్ వ్యాసాలను ఇతరులు ఎన్నేళ్ల దాకా వాడుతున్నారో చెబుతుంది. మీకు కావలసింది సైటింగ్ హాఫ్ లైఫ్, అంటే ఆ జర్నల్ వ్యాసాలు ఉదహరించే రచనల వయసు.

తీసేయాల్సి వస్తే వయసు చూసి తీయకండి, ఆ రిఫరెన్సు ఏ వాక్యానికి ఆధారమో చూడండి. ఒక భావనకో పద్ధతికో మూలమైతే ఎంత పాతదైనా ఉంచండి. "ప్రస్తుతం", "ఇటీవల" అన్న వాక్యాల కింద, వ్యాధి వ్యాప్తి అంకెల కింద, మందు మోతాదుల కింద పాతవి కనిపిస్తే ముందు వాటిని మార్చండి.