జింకలు తిరిగే న్యూజెర్సీ పెరట్లో ట్యులిప్‌లా, డాఫొడిల్సా?

మీ ప్రశ్న చదివానండీ. రెండేళ్ళ కిందట ఇంటి ముందు ట్యులిప్ గడ్డలు పెట్టారు, మొదటి ఏడాది మొగ్గ తొడిగే టైంకి సగం జింకలు కొరికేశాయి, మిగిలినవి బానే పూశాయి, రెండో ఏడాది అవి కూడా ఉత్త ఆకులేసి ఊరుకున్నాయి, లోపం మట్టిలో ఉందా మేం చేసిందాంట్లో ఉందా, ఈ ఫాల్‌లో, అంటే చలికాలం ముందు ఆకులు రాలే రోజుల్లో, మళ్ళీ డబ్బులు పెట్టాలా వద్దా అని అడిగారు. నేనూ సెంట్రల్ జెర్సీలోనే ఉంటాను, మా పెరడు దాటితే చెట్లే, సాయంత్రం అయ్యేసరికి జింకలు వచ్చేస్తాయి. చాలా ఏళ్ళుగా ఈ గడ్డలు పెడుతున్నా కాబట్టి తెలిసినదంతా రాస్తున్నా, పొడుగైతే ఏమనుకోకండి.

డబ్బులు పెట్టండి, కానీ అందులో ముప్పాతిక వంతు డాఫొడిల్స్ మీద పెట్టండి. ట్యులిప్‌లు కావాలంటే ఫెన్స్ లోపల మాత్రమే పెట్టండి, అది కూడా ఏటా కొత్తగా వేసుకునేదనే లెక్కలోనే పెట్టుకోండి. అప్పుడు మీకు నిరాశ ఉండదు.

డాఫొడిల్ గడ్డలోనూ ఆకులోనూ లైకోరిన్ అనే విషం ఉంటుంది, అందుకే జింక దానికి మూతి పెట్టదు, ఉడుత కూడా తవ్వుకుపోదు. ఇక్కడ రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళు జింకలు ఏ మొక్క ఎంత తింటాయో ఒక లిస్టు పెట్టారు, చాలా పనికొస్తుంది, అందులో డాఫొడిల్ అరుదుగా తప్ప పాడవ్వని మొక్కల్లో ఉంది. మా పెరట్లో నేను చూసిందీ అదే, పక్కనే ఉన్న హోస్టా ఆకుల్ని మొదలంటా మేసిన జింకలు డాఫొడిల్స్ మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయాయి గానీ ఒక్క పువ్వు ముట్టుకోలేదు. ట్యులిప్ సంగతి పూర్తిగా ఉల్టా, అది వాటికి బాగా ఇష్టమైన మేత. స్ప్రేలు ఉన్నాయి, కుళ్ళిన గుడ్ల వాసన వచ్చేవి, పని చేస్తాయి కూడా, కానీ వాన పడినప్పుడల్లా మళ్ళీ కొట్టాలి, మొక్క పెరిగి కొత్త ఆకు వస్తే దానికీ కొట్టాలి, ఏప్రిల్‌లో ఇక్కడ పడే వానలకి ఆఫీసు, పిల్లల స్కూలు పెట్టుకుని అది ఎవరివల్ల అవుతుంది చెప్పండి.

ఇక రెండో ఏడాది ఉత్త ఆకులే ఎందుకొచ్చాయంటే, తప్పు మీది కాదు. ట్యులిప్ పుట్టిన చోటు మధ్య ఆసియా కొండలు, తియన్‌షాన్ ఆ చుట్టుపక్కల. అక్కడ చలికాలం గట్టిగా ఉంటుంది, ఎండాకాలం వాన లేకుండా ఎండిపోయి ఉంటుంది, గడ్డ ఆ పొడి మట్టిలో వేడిగా పడుకుని లోపల వచ్చే ఏటి పువ్వు తయారు చేసుకుంటుంది. మన జెర్సీలో జులై ఆగస్టుల్లో ఉరుములతో వానలు, దానికి తోడు స్ప్రింక్లర్లు, కింద బంకమట్టి. గడ్డ కుళ్ళుతుంది, కుళ్ళకపోతే చీలి చిన్న చిన్న పిల్ల గడ్డలవుతుంది, పువ్వు మొయ్యాలంటే గడ్డకి ఒక సైజు ఉండాలి, పిల్ల గడ్డ ఒక వెడల్పాటి ఆకు వేసి ఆగిపోతుంది. మీరు చూసింది అదే. నెదర్లాండ్స్‌లో క్యూకెన్‌హాఫ్ తోట ఉంది కదా, వాళ్ళు కూడా ప్రతి ఫాల్‌లో 70 లక్షల గడ్డలు కొత్తగానే పెడతారు, పోయిన ఏటివి మళ్ళీ పూస్తాయని కూర్చోరు. ఆ ఫొటోలు చూసి మన ఇంటి ముందు అలా ఏటా దానంతటదే వస్తుందనుకోవడం సరికాదు.

అయినా ట్యులిప్ మీద మనసుంటే డార్విన్ హైబ్రిడ్ అని రాసి ఉన్నవి కొనండి, ఆపెల్‌డోర్న్, పింక్ ఇంప్రెషన్ లాంటివి, అవి మిగతావాటికన్నా ఎక్కువ ఏళ్ళు తిరిగొస్తాయి. అంతకన్నా నిలబడేవి అడవి జాతి చిన్న ట్యులిప్‌లు, టార్డా, క్లూసియానా అని దొరుకుతాయి, పొట్టిగా ఉంటాయి, ఎండలో విచ్చుకుంటాయి సాయంత్రానికి ముడుచుకుంటాయి, నాకైతే పెద్దవాటికన్నా ఇవే ఇష్టం. అంచులు కత్తిరించినట్టుండే ప్యారట్ ట్యులిప్‌లు, పియొనీలా ముద్దగా ఉండేవి, ఇవన్నీ ఒక్క ఏడాది ముచ్చటే.

మనవాళ్ళ ఇళ్ళలో ప్రత్యేకంగా వచ్చే సమస్య ఇంకోటుంది, దీని గురించి ఎవరూ రాయరు కాబట్టి చెప్తున్నా. మనం ఎండాకాలం గోంగూర, బెండ, వంకాయ, ఆనపకాయ పెడతాం, రోజూ పైపుతో నీళ్ళు పోస్తాం. కూరగాయల మడి ఫాల్‌లో ఖాళీగా కనిపిస్తుంది కదా అని అందులోనే ట్యులిప్ గడ్డలు పెడతారు, అవి ఏప్రిల్‌లో పూస్తాయి, మే చివర్లో ఆకు ఇంకా పచ్చగా ఉండగానే బెండ నారు పెట్టాల్సొస్తుంది, ఆకు పీకేస్తారు, ఆ పైన రెండు నెలలు రోజూ తడి. గడ్డ బతకదు. గడ్డలకి వేరే చోటు పెట్టండి, ఎండాకాలం మీరు నీళ్ళు పొయ్యని చోటు, డ్రైవ్‌వే అంచు, మెయిల్‌బాక్స్ చుట్టూ, ఆకు రాల్చే చెట్ల కింద. మేపుల్, ఓక్ కింద నీడ కదా అనుకోకండి, ఆ చెట్లు చిగురించి నీడ కమ్మే లోపే డాఫొడిల్ పూసి సగం పని అయిపోతుంది. డాఫొడిల్ ఆకులు ఎండిపోయాక పైన బంతి మొక్కలు పెట్టుకోవచ్చు, బతుకమ్మకి పూలూ వస్తాయి, బంతి కాస్త తక్కువ నీళ్ళతోనే బతుకుతుంది, డాఫొడిల్ ఆ మాత్రం తడికి తట్టుకుంటుంది.

ఎప్పుడు పెట్టాలంటే నేను దీపావళిని గుర్తు పెట్టుకుంటాను. సెప్టెంబర్‌లోనే స్టోర్లలో బ్యాగులు కనిపిస్తాయి, కొనేసుకోండి, కానీ వెంటనే పాతకండి, మట్టి ఇంకా వెచ్చగా ఉంటుంది. మట్టి వేడి 55 నుంచి 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగాక పెట్టాలి, మన వైపు అది అక్టోబర్ మధ్య నుంచి మొదలవుతుంది. డాఫొడిల్ కాస్త ముందు, వేరు తొడుక్కోడానికి దానికి టైం ఎక్కువ కావాలి, ట్యులిప్ చివర్న, నవంబర్‌లో పెట్టినా పర్లేదు. నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ పండక్కి ఇంకా బ్యాగులో మిగిలుంటే, నేల గడ్డకట్టనంత వరకూ పెట్టెయ్యండి, వచ్చే ఏడాదికి దాచుదాం అనుకుంటే మాత్రం అవి గరాజ్‌లో ఎండిపోతాయి.

ఈ గడ్డలకి చలి ఎందుకంటే, ట్యులిప్‌కి 12 నుంచి 16 వారాలు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు చలి తగిలితేనే లోపలున్న పువ్వు కాడ సాగి పైకొస్తుంది. చలి చాలకపోతే పొట్టిగా ఆకుల మధ్యలోనే పువ్వు ఇరుక్కుపోతుంది, లేదా అసలు రాదు. మనకి జెర్సీలో ఆ చింత లేదు. డాలస్‌లో ఉండే మా కజిన్‌కి మాత్రం ఉంది, అక్కడ చలి చాలదు, అందుకని తను గడ్డల్ని కాగితం సంచిలో వేసి గరాజ్‌లో ఉన్న ఫ్రిజ్‌లో పెట్టి డిసెంబర్ ఆఖర్లో పాతుతుంది. అలా పెట్టేటప్పుడు అదే ఫ్రిజ్‌లో యాపిల్స్ ఉండకూడదు, పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ గ్యాస్‌కి గడ్డ లోపలున్న పువ్వు చచ్చిపోతుంది, బయటికి గడ్డ బానే కనిపిస్తుంది.

పెట్టే పద్ధతి సులువే. గడ్డ ఎత్తు ఎంతుందో దానికి మూడింతల లోతు, అంటే ట్యులిప్, డాఫొడిల్‌కి 6 నుంచి 8 అంగుళాలు, క్రోకస్ లాంటి చిన్నవాటికి 3 లేదా 4. మొన దేలిన వైపు పైకి. ఏది పైనో తెలియకపోతే పక్కకి పడుకోబెట్టండి, అదే తిరుక్కుని పైకొస్తుంది. ఒక్కొక్క గడ్డకీ ఒక్కొక్క గుంట తవ్వుతూ వరసగా సైనికుల్లా నిలబెట్టొద్దు, పార తీసుకుని వెడల్పాటి గుంట ఒకటి తవ్వి అందులో పది పన్నెండు గుత్తిగా పెట్టండి, నడుమూ నొప్పెట్టదు, పూసినప్పుడు నిండుగానూ ఉంటుంది. మన ఎర్ర బంకమట్టిలో నీళ్ళు నిలుస్తాయి కాబట్టి ఆకుల కంపోస్ట్ బాగా కలపండి, ఇంకా నిలుస్తుంటే మట్టి ఎత్తు పోసి మడి చెయ్యండి. గుంటలో బోన్ మీల్ వెయ్యమని బ్యాగు మీద రాస్తారు, నేను వెయ్యను, ఆ వాసనకి కుక్కలూ ఉడుతలూ వచ్చి తవ్వుతాయి. గడ్డలో ఈ ఏటి తిండి దానికే ఉంటుంది, వసంతంలో మొలక కనిపించినప్పుడు మామూలు 10-10-10 ఎరువు, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమానంగా ఉండేది, కొంచెం చల్లితే చాలు. ట్యులిప్, క్రోకస్ పెట్టినచోట మాత్రం పైన కోళ్ళ వల, అంటే చికెన్ వైర్, పరిచి మట్టి కప్పండి, మొక్క కన్నాల్లోంచి వచ్చేస్తుంది, ఉడుతకి గడ్డ అందదు. పాతాక రాలిన గడ్డ పొట్టు కూడా ఏరెయ్యండి, అది చూసే ఉడుతలు చోటు పట్టేస్తాయి.

జనవరిలో నాలుగు రోజులు వెచ్చగా ఉంటే రెండంగుళాల ఆకు బయటికొస్తుంది, అయ్యో మంచు పడితే పోతుందే అని కంగారు పడి దుప్పట్లు కప్పక్కర్లేదు, ఆకుకి ఏం కాదు.

అన్నిటికన్నా ముఖ్యం పూలు అయిపోయాక ఏం చేస్తారన్నది. వాడిన పువ్వు తుంచెయ్యండి, గింజ కట్టడానికి బలం పోకుండా. కానీ ఆకుల్ని ముట్టుకోకండి. ఆ ఆకులే వచ్చే ఏటి పువ్వుకి అన్నం వండేది, పువ్వు రాలాక కనీసం ఆరు వారాలు అవి ఎండలో పచ్చగా ఉండాలి, పసుపు రంగుకి తిరిగి వాటంతటవే వాలిపోయాకే తియ్యాలి. చూడ్డానికి బావుండదు, నిజమే. కొందరు జడలు అల్లేస్తారు, రబ్బర్ బ్యాండ్ వేసి కట్టేస్తారు, అలా చేస్తే ఆకుకి ఎండ తగలదు. గడ్డి కోసేవాళ్ళు వచ్చే రోజు మీరు ఇంట్లో లేకపోతే చిన్న జెండాలు గుచ్చి పెట్టండి, లేదంటే ఒక్క నిమిషంలో మెషిన్‌తో కొట్టేసి వెళ్ళిపోతారు, మా వీధిలో ఏళ్ళ తరబడి పూసిన ఒక డాఫొడిల్ వరస ఇలాగే మేలో కోసేస్తూ కోసేస్తూ మూడో ఏటికి పువ్వు లేకుండా పోయింది. చూపుకి అడ్డం కావాలంటే ముందు వరసలో డేలిల్లీ పెట్టండి, డాఫొడిల్ ఆకు వాలే టైంకి దాని ఆకు పెరిగి కప్పేస్తుంది, కాకపోతే డేలిల్లీ మొగ్గలు జింకలు తింటాయి, ఆకుకోసమే పెడుతున్నాం అనుకోండి.

వరసగా పూలు కావాలంటే ఫిబ్రవరి చివర్లో స్నోడ్రాప్స్, మార్చిలో క్రోకస్, ఉగాది దగ్గర్లో టెటాటెట్ అనే పొట్టి డాఫొడిల్, ఏప్రిల్‌లో డచ్ మాస్టర్, ఐస్ ఫాలీస్ లాంటి పెద్దవి, వాసనకి హయసింత్, నీలానికి మస్కారి, శ్రీరామనవమి అటూ ఇటూ దాటాక ట్యులిప్‌లు, మేలో ఆడుకునే బంతుల్లా గుండ్రంగా ఊదా రంగులో పూసే ఆలియం. ఆలియం మన ఉల్లి, వెల్లుల్లి కుటుంబమే, జింకలు దాన్నీ ముట్టుకోవు. మా అత్తగారు ఇండియా నుంచి ఉగాదికి వచ్చినప్పుడు ఇక్కడ వేపపువ్వు దొరకలేదని బాధపడ్డారు గానీ గుమ్మం ముందు పసుపుపచ్చగా విరిసిన టెటాటెట్ చూసి రోజూ పొద్దున పూజకి నాలుగు కోసుకునేవారు.

ఇది మాత్రం మర్చిపోకండి. గడ్డల్ని కిచెన్‌లో పెట్టకండి. చూడ్డానికి అచ్చం ఉల్లిపాయలే, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కూరలో తరిగేసే ప్రమాదం నిజంగా ఉంది, డాఫొడిల్ గడ్డ తింటే వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. పేరు రాసిన సంచిలో గరాజ్‌లో పెట్టండి, కుక్క ఉంటే దానికీ అందకుండా. హయసింత్ గడ్డలు పట్టుకుంటే చేతులు దురద పెడతాయి, గ్లవ్స్ వేసుకోండి. డాఫొడిల్స్ కోసి వాజ్‌లో పెడితే కాడల్లోంచి జిగురు కారుతుంది, ఆ నీళ్ళలో ట్యులిప్ పెడితే వాడిపోతుంది, ఒక రోజు విడిగా ఉంచాక కలపండి.

చివర్లో విజయవాడలో ఉన్న అమ్మకి కొన్ని గడ్డలు సూట్‌కేసులో పంపొచ్చా అని అడిగారు. వద్దండీ. ఇండియాకి గడ్డలు తీసుకెళ్ళాలంటే ఇంపోర్ట్ పర్మిట్, తెగుళ్ళూ పురుగులూ లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. అదంతా చేసినా అక్కడి ఎండకి ట్యులిప్ ఒకసారి పూస్తే గొప్ప, శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కన తోటలో పూస్తున్నాయంటే అక్కడ ఆ చలి ఉంది కాబట్టి. అమ్మకి అక్కడి నర్సరీలోనే హిపియాస్ట్రమ్ గడ్డలు దొరుకుతాయి, అమరిల్లిస్ అనే అమ్ముతారు, ఎండాకాలం మొదట్లో పెద్ద ఎర్ర పూలు, మే నెలలో పూసే ఫుట్‌బాల్ లిల్లీ, వాన పడగానే లేచే రెయిన్ లిల్లీ, వాసనకి నేలసంపెంగ, ఇవన్నీ గడ్డలే, చలి అడగవు, కుండీలో కూడా ఏటా పూస్తాయి.

టెటాటెట్ స్టోర్లలో తొందరగా అయిపోతుంది, ఆగస్టులోనే ఆర్డర్ పెట్టేసుకోండి. మీ ఇంటి ముందు ఎండ ఎటునుంచి పడుతుందో, వాన తర్వాత నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయో రాస్తే ఏ మూల ఏది పెట్టొచ్చో చెప్తాను.