‘ఫాల్ అవుట్ విత్’ అంటే బయటపడటమా?

సందేహం: ‘హి ఫెల్ అవుట్ విత్ హిజ్ బ్రదర్’ అనే వాక్యానికి ‘తమ్ముడితో బయటపడ్డాడు’ అన్న అనువాదం చూశాను. ఇది సరైనదేనా? ‘తమ్ముడితో విభేదించాడు’ అనవచ్చా?

సమాధానం: ‘బయటపడ్డాడు’ పూర్తిగా తప్పు. బయటపడటమంటే ఆపద నుంచి తప్పించుకోవడం, లేదా దాగి ఉన్నది వెల్లడి కావడం. ‘తమ్ముడితో బయటపడ్డాడు’ అని చదివినవాళ్లు అన్నదమ్ములిద్దరూ ఏదో గండం గట్టెక్కారనుకుంటారు. అసలు వాక్యం చెప్పేది ఆ ఇద్దరికీ పడటం లేదని!

‘విభేదించాడు’ కూడా చాలదు. మీటింగులో ఒకరి అభిప్రాయంతో గట్టిగా విభేదించి, బయటికొచ్చాక వాళ్లతోనే నవ్వుతూ కబుర్లు చెప్పుకోవచ్చు. ‘ఫాల్ అవుట్’ అన్నాక ఆ వీలు లేదు. అక్కడ దెబ్బతినేది స్నేహం, బంధుత్వం. అందుకే బస్సులో సీటు కోసం ముక్కూ మొహం తెలియనివాడితో గొడవపడితే ఈ మాట వాడరు.

దీనికి తెలుగులో చక్కని మాట ‘చెడింది’. ‘ఇద్దరికీ చెడింది’ అంటే చాలు, ఏం చెడిందో వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో మనిషి కర్త అయితే, తెలుగులో మనిషికి ‘కి’ చేరుతుంది. వాక్యాన్ని ఇలా తిప్పుకోకుండా మాటకు మాట పెడితే ‘బయటపడ్డాడు’ లాంటివే వస్తాయి. కారణం చెప్పేటప్పుడూ అంతే. ‘దే ఫెల్ అవుట్ ఓవర్ మనీ’ అంటే ‘డబ్బు దగ్గర ఇద్దరికీ చెడింది’. ‘ఓవర్’ ఉంది కదా అని ‘డబ్బు మీద’ అనకండి. ‘దే హావ్ ఫాలెన్ అవుట్’ అన్నప్పుడు చెడినది ఇంకా అతకలేదని ధ్వని. అక్కడ ‘ఇద్దరికీ మాటల్లేవు’ అంటే ఇంకా బాగుంటుంది.

ఈ వాడుక కొత్తదేమీ కాదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, యోసేపు తన అన్నదమ్ములను సాగనంపుతూ దారిలో పోట్లాడుకోవద్దని చెప్పే చోట ‘ఫాల్ అవుట్’ అనే ఉంది.

ఒక జాగ్రత్త. రెండు మాటలూ కలిపి ‘ఫాల్అవుట్’ అని రాస్తే అది నామవాచకం. అణు పేలుడు తర్వాత రాలే రేడియోధార్మిక ధూళికి ఆ పేరు. దాన్నుంచే ‘దుష్పరిణామాలు’ అన్న అర్థమూ వచ్చింది. మనుషులకు చెడటాన్ని నామవాచకంగా చెప్పాలంటే ‘ఫాలింగ్ అవుట్’ అనాలి.

మీ వాక్యాన్ని ‘అతనికీ తమ్ముడికీ చెడింది’ అని రాయండి. అయితే ‘బ్రదర్’ అన్నో తమ్ముడో ఆ ఒక్క వాక్యంలో తెలియదు, ముందూ వెనకా చదివి తేల్చుకోండి.