రాత్రి పాము కరిస్తే దగ్గరి దవాఖానకా, నేరుగా మహబూబ్‌నగర్‌కా?

అమ్రాబాద్ వైపు అడవి దగ్గర తండాలో ఉండేవాళ్లు అడిగిన ప్రశ్న ఇది. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న దగ్గరి దవాఖానకే పోవాలి. పెద్దాసుపత్రి అనుకుంటూ గంటలు రోడ్డు మీద పోగొట్టొద్దు. 108కి ఫోన్ చేసి "పాము కాటు" అని ముందే చెప్పండి, మందు ఎక్కడుందో కనుక్కోండి. కట్టు బిగించడం, కోయడం, మంత్రం, పామును వెతకడం, ఏదీ వద్దు. కరిచిన కాలు కదలకుండా చూస్తే చాలు.

క్యాజువాలిటీలో కొంచెం రక్తం తీసి, పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా పెడతారు. "ఊరికే కూర్చోబెట్టారు" అని మనవాళ్లు గొడవ పడేది సరిగ్గా అప్పుడే! ఆ తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే రక్తపింజర లాంటి పాము విషం ఎక్కినట్టే, విరుగుడు మొదలుపెడతారు.

కట్లపాము సంగతి వేరు. నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, వాపు పెద్దగా ఉండదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం. అందుకే గాటు కనబడకపోయినా, నేల మీద పడుకున్న మాట డాక్టరుకు చెప్పండి. ఊపిరి ఆడకపోతే వెంటిలేటర్ కావాలి, అప్పుడు పెద్దాసుపత్రికి పంపుతారు. విరుగుడు మొదలుపెట్టాకే పంపమని అడగండి.

పిల్లలకు డోసు తగ్గించరు. విషం అంతే కదా!