కన్సల్టెంట్ తప్పుకు డబ్బు రాబట్టవచ్చా? నాకు పడిన 40,550 రూపాయల సంగతి

జడ్చర్ల తమ్ముడు అడిగింది ఇది. పోలేపల్లి సెజ్‌లో ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి సంవత్సరం మధ్యలో మారాడు, రెండు ఫారం 16లూ (జీతం, అందులో కోసిన టాక్స్ వివరాలతో కంపెనీ ఇచ్చే కాగితాలు) టాక్స్ కన్సల్టెంట్‌కి వాట్సాప్‌లో పంపాడు, ఆయన రెండో దానితోనే రిటర్న్ వేశాడు. ఇప్పుడు ఇంకా కట్టమని ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల నుంచి 74 వేల డిమాండ్ వచ్చింది. అందులో అసలు టాక్స్ 63 వేలు, వడ్డీ 11 వేలు. కన్సల్టెంట్ ఫోన్ ఎత్తడం లేదు. మొత్తం 74 వేలూ ఆయనతోనే కట్టించవచ్చా అని.

మొత్తం రాదు తమ్ముడూ. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ ఆశతో లాయర్ దగ్గరికి వెళ్తే ఇంకో ఐదారు వేలు పోతాయి. కానీ అసలేమీ రాదు, మన ఖర్మ అని ఊరుకోవాల్సిన పని కూడా లేదు. నేను నల్లగొండలో ఉంటాను, జిల్లా పరిషత్ హైస్కూల్‌లో టీచర్‌ని. నా కన్సల్టెంట్ తప్పు వల్ల నాకు 40,550 రూపాయలు పడితే ఆయన దగ్గర 26,000 రాబట్టాను, దానికి ఏడు నెలలు పట్టింది.

మా స్కూల్లో జులై వచ్చిందంటే స్టాఫ్ రూంలో అందరి ఫారం 16లు ఒక కవర్లో పెట్టి ఒకాయనకే ఇస్తాం, మనిషికి 800. ఏళ్ల తరబడి ఇదే అలవాటు. 2024 జులై చివరి వారంలో ఆయన రిటర్న్ వెరిఫై చేయడానికి నా ఆధార్ ఓటీపీ కోసం ఫోన్ చేశాడు. నా ఫోన్ బ్యాగులో ఉంది, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. మర్నాడు నేనే చేస్తే "అయిపోయింది సార్, మీరు పరేషాన్ గాకండి" అని ఒక పీడీఎఫ్ పంపాడు. చూడకుండానే సేవ్ చేసుకున్నాను.

డిసెంబర్‌లో మా అమ్మాయి చదువు లోన్ కోసం బ్యాంకుకు వెళ్లాను. ఫీల్డ్ ఆఫీసర్ ఆ కాగితం తీసుకుని పైన హెడ్డింగ్ మీద పెన్ను ఆనించి, "సార్, ఇది ఐటీఆర్-వి. వెరిఫై చేశాక వచ్చేది అక్నాలెడ్జ్‌మెంట్. మీ రిటర్న్ ఇంకా వెరిఫై కాలేదు" అన్నారు. ఆ రెండు కాగితాలకు తేడా ఉంటుందని నాకు ఆ కౌంటర్ దగ్గరే తెలిసింది.

రిటర్న్ అప్‌లోడ్ చేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి. అది దాటితే అప్‌లోడ్ చేసిన తేదీ లెక్కలోకి రాదు, వెరిఫై చేసిన రోజే రిటర్న్ వేసినట్టు. ఆ సంవత్సరం గడువు జులై 31, నేను వెరిఫై చేసింది డిసెంబర్ 11. అంటే లేటు. ఒక్క లేటు ఫీజు 5,000తో పోయేదైతే నేనింత రాసేవాణ్ణి కాదు. జీతం వాళ్లకు ఆ సంవత్సరం నుంచే కొత్త రెజీమ్, అంటే మినహాయింపులు దాదాపు లేని కొత్త లెక్క పద్ధతి, డిఫాల్ట్ అయింది, పాతది కావాలంటే గడువులోపే రిటర్న్ వేసి ఎంచుకోవాలి, లేటైతే ఆ అవకాశమే ఉండదు. నా హౌసింగ్ లోన్ వడ్డీ 2 లక్షలు, 80సీ కింద చూపే పొదుపులు లక్షన్నర, ఎన్‌పీఎస్ పెన్షన్‌కు కట్టింది 50 వేలు, హెల్త్ ఇన్సూరెన్స్ 25 వేలు, ఈ మినహాయింపులన్నీ ఒక్క దెబ్బకు ఎగిరిపోయాయి. పాత పద్ధతిలో నా టాక్స్ 46,820, అది జీతంలోనే కట్ అయింది. కొత్త పద్ధతిలో 76,440. తేడా 29,620, మూడు రకాల వడ్డీ 5,930, లేటు ఫీజు 5,000. జనవరిలో డిమాండ్ వచ్చినప్పుడు మా ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివి, "మనం ఏం దాచామని?" అంది. మేం ఏమీ దాచలేదు. అదే బాధ.

ఆయన దగ్గరికి వెళ్తే మొదటి మాటే "నాదేం తప్పు లేదు సార్, ఓటీపీ మీరే చెప్పలే". ఓటీపీ చెప్పలేదన్నది నిజమే, కాగితం చదవకపోవడం కూడా నా పొరపాటే. కానీ ఇంటికొచ్చి ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో నా ప్రొఫైల్ తెరిచి చూస్తే మొబైల్ నంబర్ చివరి అంకెలు నావి కావు, ఈమెయిల్ కూడా ఆయనదే. వెరిఫై చేయమని డిపార్ట్‌మెంట్ నుంచి ఏం మెసేజ్ వచ్చినా ఆయనకే వెళ్తుంది, నా దాకా రాదు. ఆ స్క్రీన్ ఫోటో తీసుకున్న రోజే నాకు కాస్త ధైర్యం వచ్చింది. మా స్టాఫ్‌లో ఇంకో నలుగురు చూసుకుంటే ముగ్గురి ప్రొఫైల్‌లో అదే నంబర్.

ఇక్కడ మీ కేసుకీ నా కేసుకీ తేడా చూడండి, మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. మీ 63 వేలు మీరు ఎలాగూ కట్టాల్సిన టాక్స్. రెండు కంపెనీలూ ఎవరికి వారు మినహాయింపులు, స్లాబులు వేసి జీతంలోంచి తక్కువ టాక్స్ (టీడీఎస్) కోశాయి కాబట్టి, కన్సల్టెంట్ సరిగ్గా వేసి ఉంటే జులైలోనే అవి మీ జేబులోంచి పోయేవి. ఆయన తప్పు వల్ల కొత్తగా పుట్టిన ఖర్చు కాదది. వడ్డీలో కూడా, అడ్వాన్స్ టాక్స్ కట్టనందుకు పడేది, ఏప్రిల్ నుంచి జులై దాకా నెలకు ఒక శాతం చొప్పున పడేది రిటర్న్ సరిగ్గా వేసినా తప్పేది కాదు. డిమాండ్ మార్చిలో వచ్చిందన్నారు కాబట్టి నా లెక్కలో ఆయన వల్ల మీకు అదనంగా పడింది ఆగస్టు నుంచి మార్చి దాకా ఎనిమిది నెలల వడ్డీ, ఐదు వేల చిల్లర. దానికి ఆయన తీసుకున్న ఫీజు కలపండి. అడగాల్సింది ఆ మొత్తం. నా విషయంలో మాత్రం ఆ 29,620 టాక్సే ఆయన తప్పు వల్ల పుట్టింది, వేళకు వెరిఫై చేసి ఉంటే ఒక్క రూపాయి కట్టే పని లేదు.

ఈ లెక్క కాగితం మీద పెట్టాకే నా పని కదిలింది. ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల సైట్‌లోనే ఉన్న కాల్‌క్యులేటర్‌లో రెండు పద్ధతుల్లోనూ వేసి, రెండు ప్రింట్లు పక్కపక్కన అంటించి, కింద తేడా రాశాను. అంతకుముందు "నువ్వు నన్ను ముంచావు" అని నాలుగుసార్లు గొడవపడితే దాటవేసిన మనిషి ఆ కాగితం చూసి కూర్చుని మాట్లాడాడు.

ఆయన ఎవరో కూడా ముందు తేల్చుకోండి. మన దగ్గర టాక్స్ కన్సల్టెంట్ అని బోర్డు ఎవరైనా పెట్టుకుంటారు. చార్టర్డ్ అకౌంటెంట్ అయితే వాళ్ల ఇన్‌స్టిట్యూట్‌కు ఫిర్యాదు చేయవచ్చు, శ్రద్ధ లేకుండా పని చేయడం వాళ్ల చట్టంలో దుష్ప్రవర్తన కిందికి వస్తుంది, అయితే అక్కడ శిక్ష పడుతుందేమో గాని మీ డబ్బు తిరిగి రావడం మీద ఆశ పెట్టుకోకండి. లాయర్ అయితే కన్జ్యూమర్ కేసు నిలవడం కష్టం, వకీళ్ల సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ కాని మామూలు కన్సల్టెంట్ అయితే పైన ఏ సంస్థా ఉండదు, జిల్లా కన్జ్యూమర్ కమిషనే దారి. నా కన్సల్టెంట్ మూడో రకం.

నేను చేసింది చెప్తాను. మొదట డిమాండ్ కట్టేశాను, చిట్టీ పాడి మరీ. ఇది మనసుకు చాలా కష్టమైంది, కానీ 30 రోజులు దాటితే నెలకు ఒక శాతం వడ్డీ మళ్లీ మొదలవుతుంది, ఆ వడ్డీ కూడా ఆయనే కట్టాలంటే "మీరెందుకు ఆపారు" అని అడుగుతారు. డిపార్ట్‌మెంట్ దృష్టిలో రిటర్న్ మీది, సంతకం మీది. ఆయన పేరు వాళ్లకు అక్కర్లేదు. ఆలస్యాన్ని మన్నించమని కండొనేషన్ రిక్వెస్ట్ కూడా పెట్టాను, ఒప్పుకోలేదు. తర్వాత ఫిబ్రవరిలో ఒక అడ్వొకేట్‌తో 1,500 ఇచ్చి నోటీసు పంపించాను. అందులో తిట్లూ శాపనార్థాలూ లేవు, తేదీలు, ఆయన వాట్సాప్ మాటలు, ఆ రెండు ప్రింట్లు, ప్రొఫైల్ ఫోటో, అంతే. ఆయన లాయర్ జవాబిచ్చాడు, టాక్స్ ప్రభుత్వానికి పోయింది గాని తన క్లయింట్‌కి కాదని, ఓటీపీ నేనే చెప్పలేదని. ఏప్రిల్‌లో, కన్జ్యూమర్ కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో నల్లగొండ జిల్లా కమిషన్‌కు కంప్లైంట్ నేనే వేశాను. మనం చెల్లించిన ఫీజును బట్టి కేసు విలువ లెక్కిస్తారు, అది 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. లాయర్ కూడా తప్పనిసరి కాదు. మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, మీకు మహబూబ్‌నగర్. నష్టం జరిగిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి.

కేసు వేశాక ఒక ఆదివారం ఆయన ఇంకో పెద్దమనిషిని తీసుకుని మా ఇంటికి వచ్చాడు. అరగంట ఎవరూ విషయం ఎత్తలేదు, చాయ్ తాగారు. తర్వాత ఆయనే "నా దగ్గర రెండొందల మంది ఫైళ్లున్నయి సార్, పేరు పోతే నేనేం జేయాలె" అన్నాడు. నాకూ మనసులో కలుక్కుమంది, చెడ్డవాడేం కాదు, జులై ఆఖరి వారంలో నిద్ర లేకుండా పనిచేసే మనిషే. అయినా నేను తగ్గలేదు. ఓటీపీ విషయంలో నా వంతు తప్పు ఒప్పుకుని 40,550లో 26,000కి వచ్చాం, 15,000 ఒకసారి, 11,000 జులైలో. దేనికిస్తున్నాడో రాసి సంతకాలు పెట్టించుకున్నాకే కేసు వెనక్కి తీసుకున్నాను. ఆ ముగ్గురు టీచర్ల ప్రొఫైల్‌లో నంబర్లు మార్పించాలని కూడా ఆ కాగితంలోనే రాయించాను.

మీరు అడిగేది ఐదారు వేలే కాబట్టి నేనైతే నేరుగా కేసుకు వెళ్లను. లెక్క రాసి, రెండు ఫారం 16లు పంపిన వాట్సాప్ స్క్రీన్‌షాట్ జతచేసి, పదిహేను రోజులు టైం ఇస్తూ రిజిస్టర్డ్ పోస్టులో మీరే ఒక ఉత్తరం పంపండి. జవాబు రాకపోతే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేయండి, అప్పటికీ కదలకపోతే కమిషన్. మానసిక వేదనకు, ఖర్చులకు కొంత ఇప్పించే అధికారం కమిషన్‌కు ఉంది, అయితే అది లక్షల్లో ఉంటుందనుకోకండి.

ఇంకోటి, ఆయన ఫోన్ ఎత్తడం లేదన్నారు కదా, ఈ రాత్రే పోర్టల్‌లోకి వెళ్లి ప్రొఫైల్‌లో మొబైల్, ఈమెయిల్ ఎవరివో చూడండి. మీవి కాకపోతే ఫోటో తీసుకున్నాకే మార్చండి. పాస్‌వర్డ్ తెలియకపోతే ఆధార్ ఓటీపీతో కొత్తది పెట్టుకోవచ్చు. డిమాండ్ కాగితం మీద తేదీ చూసి 30 రోజులు ఎప్పటికి అవుతాయో లెక్కేసుకోండి.