స్థిరాస్తి పెట్టుబడి: ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు కొనాలి?

ధరలు తగ్గేదాకా ఆగాలా, ఇప్పుడే కొనాలా అన్న ప్రశ్నకు సమాధానాన్ని మార్కెట్ జోస్యాల్లో కాక, ఎదురుగా ఉన్న ఆస్తి లెక్కల్లో వెతకడం మేలు. ఏడాది అద్దెలోంచి పన్ను, మరమ్మతులు, బీమా, ఖాళీగా ఉండే నెలల నష్టం తీసివేయగా మిగిలేది కొనుగోలు ధరలో 4 శాతమే అయి, అప్పు వడ్డీ 8 శాతమైతే, ఆ పెట్టుబడి అద్దె ఆదాయం మీద కాక, ధర పెరుగుతుందన్న ఆశ మీద ఆధారపడినట్టే. అలాంటి చోట ఆగడమే నాకు సబబుగా తోస్తుంది.

అయితే ఆగడానికీ ఖర్చు ఉంటుంది. 20 ఏళ్ల అప్పుకు వడ్డీ 8 శాతమైతే లక్షకు నెలవారీ వాయిదా సుమారు 836, 9 శాతమైతే సుమారు 900. ధర 5 శాతం తగ్గి, దానితో పాటు అప్పు కూడా అంతే తగ్గినా, ఈలోగా వడ్డీ ఒక శాతం పెరిగితే వాయిదా సుమారు 855 అవుతుంది, అంటే మునుపటికన్నా ఎక్కువే.

మార్కెట్ చల్లబడేటప్పుడు సాధారణంగా ముందు లావాదేవీలు తగ్గుతాయి. అమ్మేవారు తాము అనుకున్న ధరను త్వరగా వదులుకోరు కనుక ధరలు ఆ తర్వాతే దిగుతాయి. అందువల్ల ప్రకటనల్లోని ధరలకన్నా, ఆస్తులు అమ్ముడుపోవడానికి పడుతున్న కాలాన్ని గమనించాలి. యాజమాన్య పత్రాల్లో సందేహం ఉంటే మాత్రం ఎంత చౌకైనా ఆగాల్సిందే. పత్రాలు సవ్యంగా ఉండి, వచ్చే అద్దె అప్పు వాయిదాను చాలావరకు భరించి, అత్యవసర నిధిని కదపనవసరం లేకపోతే, అట్టడుగు ధర కోసం ఇంకా ఎదురుచూడడంలో నాకు ప్రయోజనం కనిపించదు.